రెక్కలున్నదేదీ వాలకూడదు

దేవుడు ఊరందరికీ బుర్రలు పంచి, మిగిలిందంతా తమ ఇంట్లో కుమ్మరించి పోయాడని గుంపస్వామికి గట్టి నమ్మకం. తమ్ముళ్ళు తవిటయ్యకీ లచ్చుమయ్యకీ ఆ విషయంలో అనుమానమే లేదు. అందుకే ఉప్పుమడుల పక్కన కట్టిన కొత్త విమానాశ్రయంలో పిట్టల్ని తోలే పని ముగ్గురికీ దొరికితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరూ అంటే, వాళ్ళు ముగ్గురూ. వారం తిరిగేసరికి పెద్దాఫీసరు విమానంలో వస్తాడు, పని నచ్చితే పర్మినెంటు చేస్తాడు. గుంపస్వామి అప్పుడే గవర్నమెంటు నడక నడుస్తున్నాడు.

ఇంజన్లో పిట్ట పడితే విమానానికే ముప్పు, రన్‌వే మీద ఒక్క పిట్ట కూడా కనబడకూడదని మేనేజరు కనకవల్లి మేడం చెప్పింది. అంతే, ముగ్గురూ కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం దాకా ఒక్కటి కనబడితే ఒట్టు. కొంగలు మాత్రం వాళ్ళ నెత్తిమీదే వాలి కునుకు తీశాయి.

ఆవిడ తల పట్టుకుని, పిట్టలు ఆకలేసే కదయ్యా ఇక్కడికొస్తున్నాయి, ఆ ఆకలి సంగతేదో చూడండి అంది. పురుగులు చేరే గడ్డిని కోసెయ్యమని ఆవిడ భావం. ఇంకేముంది, లచ్చుమయ్య బస్తాడు నూకలు తెచ్చి రన్‌వే పొడుగునా చల్లాడు. జిల్లాలో పావురాలన్నీ బంధువుల్ని వెంటేసుకుని దిగాయి.

మర్నాడే పెద్దాఫీసరు రాక. ఈసారి మేడం ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"రెక్కలున్నది ఏదైనా సరే, ఇక్కడ వాలనివ్వకండి. డప్పు కొట్టండి, టపాకాయలు కాల్చండి."

తెల్లారగానే ముగ్గురూ విజృంభించారు. గంటలో ఒక్క పిట్ట లేదు. మేడం మొహాన మొదటిసారి నవ్వు కనిపించింది. అప్పుడే దూరంగా విమానం కిందికి దిగుతూ వచ్చింది.

"అన్నా, దీనికీ రెక్కలున్నాయి," అన్నాడు తవిటయ్య.

గుంపస్వామి తేరిపార చూసి, తోక కూడా ఉందన్నాడు. అంతే, ముగ్గురూ రన్‌వే నడిమధ్యకి పరిగెత్తి టపాకాయల సరం అంటించారు. పైలట్ హడలిపోయి విమానాన్ని మళ్ళీ పైకి లేపాడు. పెద్దాఫీసరు అలాగే ఇంకో ఊరెళ్ళిపోయాడు.

మేడం రొప్పుతూ వచ్చింది.

"మీ ఉద్యోగం ఎగిరిపోయిందయ్యా, గుంపస్వామీ."

అతను గబుక్కున తలెత్తాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికాడు. ఎగిరిందంటే రెక్కలున్నట్టే కదా. కళ్ళు చెమర్చాయి. అయినా డ్యూటీ డ్యూటీయే.

"తవిటీ, ఇంకో సరం ముట్టించరా," అన్నాడు. "మనదే అయినా సరే, వాలనివ్వకూడదు."