ఇందులో నీ పాట ఏది?

నల్లకొండ అడవిలో పాట వినాలంటే నక్క జిత్తయ్య గుహకే వెళ్ళాలి. అతడు కోయిలలకీ గోరింకలకీ రోజూ గింజలు పోసి, తన గుహలో తప్ప ఇంకెక్కడా పాడబోమని వాటిచేత ఒట్టు వేయించుకున్నాడు. వినేవాళ్ళు నెలనెలా పళ్ళబుట్ట తెచ్చి గుమ్మంలో దించాలి.

మొదట్లో బుట్ట చిన్నదే. పోనుపోను పెద్దదైంది. ఆపైన పాట మధ్యలో కాకి దూరి, "తోడేలు గారి గుహలో వెచ్చని పడకలు!" అని అరవడం మొదలైంది. అది అరవకూడదంటే ఇంకో బుట్ట తేవాలి.

ముళ్ళపంది కంటకమ్మ అన్నీ ఓర్చుకుంది. చనిపోయిన వాళ్ళమ్మ పాడే ఇప్పపూల జోల అక్కడి ముసలి గోరింకకు వచ్చు. దానికోసమే వెళ్ళేది. ఒక సాయంత్రం బుట్ట దించేసరికి గోరింక కనబడలేదు.

"ఆ జోల తీసేశాను. ఇకమీద అది మా బావమరిది గుహలో," అన్నాడు జిత్తయ్య పళ్ళు ఏరుకుంటూ. "అక్కడ వేరే బుట్ట ఇచ్చుకో."

"మరి ఇన్నాళ్ళూ ఇచ్చినదానికి నాకు మిగిలిందేమిటి బావా?"

"వినడానికి ఇచ్చావు, విన్నావు. ఉంచుకోవడానికి ఇచ్చావా?"

కంటకమ్మకు ఒళ్ళంతా ముళ్ళు లేచాయి. దించిన బుట్ట మళ్ళీ ఎత్తుకుని బయటికొచ్చేసింది.

వాగు ఒడ్డున గోరింక ఒంటరిగా కూర్చుని ఉంది. "ఆ బావమరిది దగ్గరికి పోనన్నాను. గెంటేశాడు. ఆ ఒట్టూ తీరిపోయింది," అంది.

కంటకమ్మ బుట్ట దాని ముందు పెట్టింది. "తిను పిన్నీ. తిన్నాక ఆ జోల నాకు నేర్పు."

"ఈ గొంతుకా?"

"ఈ గొంతుకే."

మొదటి రోజు కంటకమ్మ పాట విని ఎలుగుబంటి భీమన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. కొన్నాళ్ళకు అతనే వచ్చి పక్కన చేరాడు. జోలలో ఇప్పపూలు తీసేసి తేనెపట్టు పెట్టుకోవచ్చా అని అడిగాడు.

"నీ ఇష్టం. కానీ నీకు వచ్చింది అడిగినవాళ్ళకు నేర్పాలి," అంది కంటకమ్మ.

అలా వాగు ఒడ్డు నిండిపోయింది. కప్ప చిట్టెమ్మ ఏకంగా సొంత పాటే కట్టింది. గుహకు వచ్చే జనం తగ్గేసరికి జిత్తయ్య తోక ఝాడిస్తూ దిగాడు.

"దొంగల్లారా! నా పాటలెత్తుకొచ్చి ఇక్కడ పాడుతున్నారా? రేపటినుంచి అందరూ రెట్టింపు బుట్టలతో గుహకు రావాలి!"

కుందేళ్ళు వణికిపోయాయి. కంటకమ్మ మాత్రం అడుగు ముందుకే వేసింది.

"సరే బావా. మేం ముగ్గురం పాడతాం. అందులో నీ గుహ పాట ఏదో చెప్పు. చెప్పావా, నేనే ముందు బుట్ట మోసుకొస్తా. చెప్పలేకపోతే మళ్ళీ ఈ ఒడ్డు తొక్కకు."

"ఓస్, అంతేనా!"

కంటకమ్మ ఇప్పపూల జోల పాడింది. భీమన్న తేనె జోల పాడాడు. చిట్టెమ్మ బెకబెకమంటూ తన వాన పాట ఎత్తుకోగానే అందరి కాళ్ళూ లయకు ఆడాయి. అది చూసి నక్క కళ్ళు మెరిశాయి.

"ఇదే! ఇది ఎప్పటినుంచో నా గుహలో ఉన్న పాట!"

"పొద్దున కట్టాను కదయ్యా," అంది చిట్టెమ్మ.

ఒడ్డంతా గొల్లున నవ్వింది. గోరింక కిందికి వాలింది. "గుమ్మంలో బుట్టలు చూసుకుంటూ కూర్చున్నావు. ఒక్క పాటైనా ఎప్పుడు విన్నావు?"

జిత్తయ్య గొంతు మార్చాడు. "కంటకమ్మా, నీకు మాత్రం బుట్టే వద్దులే. ఊరికే వచ్చి విను."

"ఊరికే ఇచ్చినా నీ గుమ్మం తొక్కను. పాడిన పిట్టకు పండు మేమే పెట్టుకుంటాం. మధ్యలో నువ్వెందుకు?"

ఆ మాట గుహలోని పిట్టల చెవిన పడింది. మర్నాడు పొద్దెక్కేసరికి అవన్నీ గింజల కోసం వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టి వాగు ఒడ్డున ఉన్నాయి. గుహలో జిత్తయ్య ఒక్కడే ఊళ వేసుకుంటున్నాడు.

అద్దెకు విన్న పాటను ఎవరైనా ఆపేయగలరు. నేర్చుకున్న పాటను ఎవరూ లాక్కోలేరు.