పురుషోత్తం సారు మెచ్చిన పాఠం

ఒక జిల్లా కేంద్రంలో పురుషోత్తం అనే రిటైర్డు హెడ్మాస్టరు ఉండేవాడు, ఎదుటి మనిషి మొహం చూస్తూ తప్పును తప్పని చెప్పడం ఆయనకు చేతనయ్యేది కాదు.

చరిత్ర పాఠం చెప్పడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. కానీ ఎవరైనా తమ పని చూపించి ఎలా ఉందని అడిగితే మాత్రం ఒకే మాట వచ్చేది, "బాగుంది" అని. ఉప్పెక్కువైన పప్పూ బాగుండేది, కట్టిన ఏడాదికే పగుళ్లిచ్చిన గోడా బాగుండేది. జనం చాటుగా ఆయన్ను 'బాగుంది సారు' అనేవాళ్లు. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆయన నొచ్చుకోకపోగా మురిసిపోయాడు. ఒకరి మనసు కష్టపెట్టకుండా బతకడం అందరికీ సాధ్యమా అనుకునేవాడు.

ఒక వేసవిలో చరిత్ర చెప్పే టీచర్లకు ఆ ఊళ్లో కొత్త శిక్షణ మొదలైంది. పాఠాన్ని పిల్లల చేత చదివించే బదులు పాత్రలిచ్చి ఆడించాలన్నది దాని పద్ధతి. ఇది అన్ని బడులకూ పనికొస్తుందా, మార్పులేమైనా కావాలా చూసి చెప్పమని విద్యాధికారి ఇద్దరు అనుభవజ్ఞులను నియమించాడు. ఒకరు పురుషోత్తం. ఇంకొకరు సుగుణ, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరరు. ఆమె ముక్కుసూటి మనిషి. వయసులో పెద్దవాడు కాబట్టి ఆఖరి మాట మాత్రం పురుషోత్తానిదేనని అధికారి ముందే చెప్పాడు.

శిక్షణ ఇచ్చే విద్యాసాగర్ ఒకప్పుడు పురుషోత్తం దగ్గర చదువుకున్నవాడే. గుమ్మంలోనే వంగి కాళ్లకు దండం పెట్టాడు. "సార్, మీ పాఠాలే నన్ను ఇంతదాక తెచ్చినయి. మీరు చూస్తుండంగ చెయ్యాలంటే భయమైతున్నది" అన్నాడు. అక్కడికే పురుషోత్తం సగం కరిగిపోయాడు.

ఆ రోజు పాఠం వెట్టిచాకిరి గురించి. దొరల కాలంలో, వాళ్లుండే కోటలాంటి గడీలో జనం కూలీ లేకుండా, ఎదురు మాట లేకుండా చేసిన చాకిరీ అది. విద్యాసాగర్ ఒక టీచరును కుర్చీలో కూచోబెట్టి దొర అన్నాడు. చీటీలు తీయించి కొందరిని వెట్టివాళ్లన్నాడు. వాళ్లు చెప్పులు చేత పట్టుకుని, నడుం వంచి దొర ముందు నుంచి నడవాలి. ఒక చీటీ యాదగిరి అనే టీచరుకు వచ్చింది. అతను కాసేపు చీటీ వైపే చూశాడు. తర్వాత చెప్పులు విప్పి పట్టుకుని వంగి నడిచాడు. గదిలో అందరూ నవ్వారు. "ఇంకా వంగురా!" అని కుర్చీలో ఉన్నాయన గద్దించాడు. మళ్లీ నవ్వారు.

పాఠం అయిపోయింది. భోజనాల దగ్గర ఎవరో, "ఏ వెట్టోడా, నీళ్లు పట్టుకరా!" అని కేకేశారు. యాదగిరి నవ్వినట్టు పెదాలు కదిపి, లేచి వెళ్లి నీళ్ల జగ్గు తెచ్చాడు. అన్నం మాత్రం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. పురుషోత్తం ఇదంతా చూశాడు. చూడలేదని తప్పించుకోవడానికి వీల్లేదు, యాదగిరి కూచున్నది సరిగ్గా ఆయనకు ఎదురుగానే.

సుగుణ ఆయన్ను పక్కకు పిలిచింది. "చూసిండ్రా సార్? చదువుకున్న పెద్దోళ్లు, పాఠం అయిపోయినంక కూడా ఆట ఆపలేకపోయిండ్రు. రేపు పిల్లలు ఆపుతరా? వెట్టి గురించి చెప్పనియ్యండి, ఊళ్ల ముసలోళ్లను పిలిచి అడిగించనియ్యండి. కానీ ఏ పిల్లను కూడా నువ్వు వెట్టిదానివి అనొద్దు. ఈ ఒక్క మాట మనం గట్టిగ చెప్పాలె."

"నిజమేనమ్మా" అన్నాడు పురుషోత్తం. ఆయన మనసులో ఉన్నదీ అదే.

సాయంత్రం అధికారి వచ్చాడు. అందరి ముందూ సుగుణ తన మాట చెప్పింది. విద్యాసాగర్ మొహం చిన్నబోయింది. "పెద్దవారు, మీరేమంటరు సార్?" అని అధికారి పురుషోత్తాన్ని అడిగాడు. పురుషోత్తం విద్యాసాగర్ మొహంలోకి చూశాడు. అక్కడే అంతా చెడింది. ఇంతమందిలో మన పిల్లవాణ్ణి ఎలా నొప్పించడం అనిపించింది ఆయనకు.

"మేడం గారిది మరీ సున్నితమైన మనసు. చిన్న చిన్నవి టీచర్లే సర్దుకుంటరు. బాగుంది. అన్ని బడులల్ల పెట్టండి" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూచున్న యాదగిరి కూడా కొట్టాడు. సుగుణ చప్పట్లు ఆగకముందే లేచి బస్సెక్కి వెళ్లిపోయింది. విద్యాసాగర్ మాత్రం మళ్లీ కాళ్లకు దండం పెట్టాడు. పురుషోత్తం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

వానలు తగ్గి పత్తి చేతికొచ్చే వేళకు, కొత్త పద్ధతి ఎలా నడుస్తోందో చూసి రమ్మని అధికారి మళ్లీ కబురు పెట్టాడు. పురుషోత్తం మొదట వెళ్లింది యాదగిరి పనిచేసే బడికే. యాదగిరి ఆయనకు కుర్చీ వేశాడు గాని తాను కూచోలేదు.

"వెట్టి పాఠం ఎట్ల నడిచిందయ్యా?"

"ఒక పిల్ల బడి మానేసింది సార్."

ఆ పిల్ల పేరు రజిత, ఎనిమిదో తరగతి. వెట్టి చీటీ ఆమెకు వచ్చింది. చెప్పినట్టే చెప్పులు పట్టుకుని వంగి నడిచింది. గంట కొట్టాక మిగతా పిల్లలు ఆట మానలేదు. మధ్యాహ్నం అన్నం వరసలో "వెట్టిదానా, వెనక్కి పో" అన్నారు. ఇళ్లకు వెళ్లేటప్పుడు తమ చెప్పులు ఆమె ముందు పడేసి మొయ్యమన్నారు. యాదగిరి కోప్పడ్డాడు, బతిమాలాడు. పిల్లలు అతని ఎదుట మానేసి చాటుగా సాగించారు. చివరికి రజిత అనే పేరు పోయి వెట్టి అన్నదే ఆమె పేరైంది. ఒక సోమవారం ఆమె బడికి రాలేదు, మరి ఎప్పుడూ రాలేదు.

పురుషోత్తానికి కోపం ముంచుకొచ్చింది. "ఆ రోజు నీకే అన్నం సయించలేదు గదయ్యా! అది తెలిసి కూడా పిల్లలతోని ఎందుకు ఆడించినవ్?"

యాదగిరి ఆయన కళ్లలోకి చూశాడు. "సయించలేదు సార్. మా తాత చేసిన చాకిరే అది. నేను అన్నం ఇడిచిపెట్టి లేసింది మీరు చూసిండ్రు. చూసి కూడా బాగుందన్నరు. ఇంత పెద్ద సారే బాగుందంటే నాదే తప్పనుకున్న. నేనే ఎక్కువ చేసుకుంటున్ననని నన్ను నేనే తిట్టుకున్న."

 ఆ పిల్ల ఎక్కడుందని పురుషోత్తం అడిగాడు.

రజిత ఊరి బయట పరాయివాళ్ల చేలో, తల్లి పక్కన పత్తి ఏరుతోంది. పురుషోత్తం గట్టు మీద నిలబడి పిలిచాడు. "బిడ్డా, బడికి రా. ఇగ నిన్నెవ్వరు ఏమనరు. నేను చెప్త."

రజిత చేతులు ఆగలేదు. "మా తాత వాళ్ల నాయిన నిజంగనే గడీల చెప్పులు మోసిండట సార్. ఇంట్ల ఎవ్వరు నాకు చెప్పలె, ఈ ఆటతోనే బయటపడ్డది. ఊళ్లె తెలిసినోళ్లు కూడా అనకపోయేది. ఇప్పుడు చిన్న చిన్న పోరగాళ్లు సుత అంటున్నరు. యాదగిరి సారు ఆట అయిపోయిందన్నడు. నాకెప్పుడు అయిపోతది?"

తల్లి నడుం ఎత్తి ఆయన వైపు చూసింది. "నా బిడ్డ మంచిగ చదువుకునేది సారూ. గా పాఠం బాగున్నదని చెప్పినోళ్లకు కండ్లు లేవా?"

ఆ చెప్పినవాడు తానేనని చెప్పకుండానే ఆయన వచ్చిన దారినే తిరిగి వెళ్లాడు.

నేరుగా విద్యాసాగర్ దగ్గరికి పోయి, "నీ పాఠంల తప్పున్నది. ఆ రోజే నాకు తెలుసు" అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. విద్యాసాగర్ కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

"తెలిస్తే ఆ రోజే చెప్పొద్దా సార్? మీరు నాలుగు చీవాట్లు పెట్టినా పడేటోణ్ణి. ఇంటికి పొయ్యి ఒక పూట బాధపడేటోణ్ణి, తెల్లారి మార్చుకునేటోణ్ణి. గంతే గదా?"

అంతే. ఆ ఒక్క పూట బాధ తప్పించడానికే పురుషోత్తం అందరి ముందూ అబద్ధమాడాడు.

పురుషోత్తం చెప్పింది విని అధికారి ఆ ఆటను అన్ని బడుల్లోనూ ఆపించాడు. సుగుణ చెప్పిన పద్ధతే చివరికి పెట్టారు. అప్పటినుంచి పురుషోత్తం ఎవరేమడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. మంచిదే, కానీ రజితకు దానితో ఒరిగిందేమీ లేదు. పత్తి అయిపోయాక ఆమె తల్లితో కలిసి మిరప కోతలకు వలస పోయింది. యాదగిరి ఎంత వెతికించినా ఆ పిల్ల మళ్లీ బడి గడప తొక్కలేదు.

తప్పు కళ్లకు కనబడుతున్నా మొహమాటానికి పోయి మెచ్చుకునేవాడు ఒకరి మనసు కాపాడాననుకుంటాడు గాని, ఎదురు చెప్పలేని ఇంకొకరి బతుకును పాడుచేస్తాడు.