రాజుగారి మడమ నొప్పి

పూర్వం ఒక కొండ రాజ్యంలో మబ్బులు కోట కిటికీల్లోంచి వచ్చి పోతుండేవి. అక్కడి నల్లరాతి నేల మీద నడిస్తే ఆకాశంలో తేలుతున్నట్టు ఉండేదట. దాన్ని అంత నునుపు చేసినవాళ్ల సంగతి వేరే కథ, వదిలేద్దాం.

ఆ రాజుగారికి మడమ నొప్పి పట్టుకుంది. చెప్పుల వల్లేనని మంత్రి తేల్చాడు. వాటిని కుట్టిన ఎల్లమందను సభకు పిలిపించి, రాజ్యం విడిచి పొమ్మన్నాడు. ఎల్లమందకు అంతా కలలా ఉంది. మంచులో తన గుడిసె, పొయ్యి ముందు కూర్చున్న భార్య రూపం అతని కళ్ల ముందు మెదిలాయి.

"ప్రభూ, నొప్పి ఎప్పుడు ఎక్కువండి?" అని సింహాసనం మీదున్న రాజుగారిని అడిగాడు.

"పొద్దున్నే మంచం దిగి అడుగు వేయగానే ప్రాణం పోతుందయ్యా! కాసేపు నడిచాక కాస్త నయం."

"చెప్పులు తొడుక్కునే పడుకుంటారా, ప్రభూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మంత్రి మండిపడ్డాడు. "అయితే నేరం ఎవరిదిరా?"

"ఈ రాతినేలదండి. ప్రభువులు లోపలంతా వట్టి కాళ్లతోనే తిరుగుతారు కదా. రాజ్యం దాటించాల్సింది దీన్నే, కాకపోతే అందుకు కోట పెకలించాలి. అంత శ్రమ వద్దనుకుంటే నన్ను ఉండనివ్వండి. లోపల తిరగడానికి మెత్తటి చెప్పులు కుడతాను. మంచం దిగేముందు కాలివేళ్లను మీవైపు లాగి కాసేపు పట్టుకోండి, పిక్క సాగి నొప్పి తగ్గుతుంది."

రాజుగారు మంత్రివైపు తిరిగారు. "ఏమయ్యా, కోట పెకలిద్దామా?"

ఎల్లమంద అప్పటికే రాజుగారి పాదం కొలుస్తున్నాడు.