కనీసం నాలుగు

మెహర్‌కి ఏడో నెల. వచ్చే నెల నుంచి ప్రసూతి సెలవు పెడతానని చెప్పింది. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి సుధాంశుకి అన్నం సయించడం లేదు. కడుపు ఆమెది, వేవిళ్లు ఇతనివి.

అతనూ మెహరూ కలిపి టీమ్‌లో ఉన్నదే నలుగురు. జిల్లా ఆసుపత్రుల్లో తీసే స్కాన్‌లు క్లౌడ్‌కి చేరడానికి దారి వేస్తున్నారు. క్లౌడ్ కంపెనీ దాకా తమ కోసమే వేయించుకున్న లింకులు నాలుగు. వాటిని కట్టగా కట్టి ఒకే దారిలా వాడాలి. ఆ కట్ట ఎలా ఉండాలో కోడ్‌లో రాస్తారు. నడిపిస్తే, రాసింది రాసినట్టు తయారవుతుంది. ఆ కోడ్ సుధాంశు రాశాడు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా అతనికి ఛాతీ కాస్త పొంగుతుంది.

ఆ దారిని పరీక్షించి చూసే రిహార్సల్ నాటి మధ్యాహ్నం అతను ఇందుమతి గారి గదికి వెళ్లాడు. ఈ పనిలో అతనికి ఓనమాలు దిద్దించింది ఆవిడే. టీమ్‌లో ఎవరుండాలన్నా ఆవిడ సరేననాలి.

“మెహర్ని ఈ పని నుంచి తప్పిద్దాం మేడమ్. ఎక్కడైనా తేలికపాటి పనిలో వేద్దాం. ఆమె మంచికే.”

“తను అడిగిందా?”

“నోరు తెరిచి అడగదు కదా. మొహమాటం.”

“మొన్న క్యాంటీన్‌లో వంటాయన్ని పిలిచి, ఆయన సాంబారు ఆయన చేతే తాగించింది, ఆ మెహరేనా?”

సుధాంశు నవ్వలేదు. “ఉన్నదే నలుగురం మేడమ్. ఒకరు లేకపోతే టీమ్ నడవదు. ఆమె బదులు ఎవరైనా మగ...” నాలిక కరుచుకున్నాడు. “ఎవరైనా సెలవులు పెట్టని మనిషిని తీసుకుందాం.”

ఇందుమతి గారు కళ్లజోడు పెట్టుకున్నారు. “ముందు నీ కోడ్ చూపించు.”

అతను ఉత్సాహంగా లాప్‌టాప్ తెరిచాడు. కట్ట పేరు, లింకుల వేగం చదువుకుంటూ వచ్చిన ఆవిడ వేలు ఒక వరుస దగ్గర ఆగింది. కనీస లింకులు: నాలుగు.

“ఇదేమిటి?”

“ఆసుపత్రుల పని కదా మేడమ్. ఒక్కటి తగ్గినా ఒప్పుకునేది లేదని గట్టిగా రాశాను. మెహర్ ఒకటి చాలంది. ఇప్పుడామెకి ధ్యాస పని మీద ఎక్కడుంటుంది చెప్పండి.”

ఆవిడ అతన్ని లాప్‌టాప్‌తో రమ్మని లేచి మిషన్ల గది వైపు నడిచారు.

అక్కడ మెహర్ తెర ముందు కూర్చుని ఉంది. తెర మీద స్కాన్‌ల జోరు చూపే పచ్చటి గీత నిండుగా పారుతోంది.

“ఇవన్నీ ఉత్తుత్తి స్కాన్‌లేగా మెహర్?”

“అవును మేడమ్. ఇక్కడ రోగులెవరూ లేరు. కొంతమంది నన్ను అలా చూస్తున్నారు గానీ.”

ఇందుమతి గారు బీరువాలాంటి ఆ రాక్ వెనక్కి వెళ్లారు. లింకుకొకటి చొప్పున ఉన్న నాలుగు పసుపు తీగల్లో ఒకదాని మెడ పట్టుకుని ఊడబెరికారు.

సుధాంశు తొణకలేదు. నాలుగింట్లో ఒకటేగా, వేగం కాస్త తగ్గుతుంది, అంతే అనుకున్నాడు.

గీత తగ్గలేదు. కుప్పకూలింది. తెరంతా ఎర్రబడింది.

“అదేంటి?” అతని గొంతు కీచుమంది. “మిగతా మూడూ ఏవి? తీసింది ఒకటేగా!”

రాక్ వెనక్కి పరిగెత్తాడు. మూడు తీగలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ తడిమి చూశాడు. మళ్లీ తడిమాడు. గట్టిగా ఉన్నాయి, బాగున్నాయి, అయినా ఒక్క స్కాన్ కదలడం లేదు.

“ఎవరు ఆపారు వీటిని?”

“నువ్వే,” అంది మెహర్. “నాలుగూ లేకపోతే దారే మూసెయ్యమని రాశావు. అది నీ మాట విన్నది.”



ఇందుమతి గారు ఊడిన తీగను అతని కళ్ల ముందు ఆడించారు. “పోనీ, దీని బదులు ఎప్పుడూ ఊడని తీగ తెద్దామా? ఎక్కడ దొరుకుతుందో చెప్పు, మనిషిని పంపిస్తాను.”

అతను కూర్చున్నాడు. నాలుగు చెరిపి ఒకటి వేసి కోడ్ నడిపించాడు. కాసేపటికి మూడు లింకుల మీద గీత మెల్లగా లేచింది. ఇంతకు ముందంత లావు లేదు. కానీ పారుతోంది.

ఇందుమతి గారు ఆ నాలుగో తీగను ఇంకా పెట్టలేదు. దాని చోట వేరే తీగనూ దూర్చలేదు.

“ఇందాక గదిలో ఏదో అడిగావు,” అన్నారు.

సుధాంశు ఆ ఖాళీ కేసి చూశాడు. తర్వాత కుర్చీ ఇటు తిప్పాడు.

“మెహర్,” అన్నాడు, “మళ్లీ ఎప్పుడొస్తావు?”