నక్క మెచ్చిన హోంవర్కు

తంగేడుగుట్ట కింద కుందేలు పిల్లలకు ఒక ఏదుపంది బడి పెట్టాడు. అందరూ ఆయన్ని ముళ్ళ మాస్టారు అనేవారు. ఆ బడిలో చదువు ఒక్కటే. నక్క వెంటపడితే వంకర పరుగు తీయాలి, చటుక్కున మలుపు తిరగాలి, బొరియలో దూరాలి. ప్రాణం నిలబెట్టే విద్య కదా అని మాస్టారు హోంవర్కు దండిగా ఇచ్చేవాడు. పొద్దున గుట్ట చుట్టూ పరుగు, మధ్యాహ్నం మలుపులు, సాయంత్రం మళ్ళీ పరుగు.

పిల్లలు నోట్లో గడ్డి పెట్టుకునే నిద్రపోతున్నారు. చెంగలమ్మ అనే తల్లి కుందేలు ఉండబట్టలేక బడికి వచ్చింది.

"మాస్టారూ, మా దూదయ్య నిన్న బొరియ అనుకుని రాయికి గుద్దుకున్నాడు. కాస్త తగ్గించండి."

"తగ్గిస్తే విద్య ఎట్లా వస్తుందమ్మా?" అన్నాడు మాస్టారు.

ఇంతలో పొద చాటు నుంచి నక్క గవరయ్య వచ్చి, మాస్టారికి అల్లంత దూరాన ఆగి దండం పెట్టాడు.

"మాస్టారి మాటే సబబు చెల్లెమ్మా. ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదు. నన్నడిగితే దీనికి రెట్టింపు ఇవ్వాలి. ఇట్లాంటి గురువు దొరకడం వీళ్ళ పూర్వజన్మ సుకృతం."

మాస్టారు ఉబ్బిపోయాడు. "విన్నావా చెంగలమ్మా? నక్కకు తెలిసింది, నీకు తెలియలేదు."

ఎలుకకు పిల్లి సాక్ష్యం అనుకుంది చెంగలమ్మ. అలిసిన పిల్ల పరిగెత్తలేదు. పరిగెత్తలేని పిల్ల నక్కకు వడ్డించిన విస్తరి. పైకి మాత్రం తల వంచింది.

"నిజమే అన్నయ్యా, నాదే బుద్ధి తక్కువ. కానీ దగ్గరుండి చేయించేవాళ్ళు ఉండాలిగా. మాస్టారికి వయసైపోయింది. పరుగులో నీకు సాటి ఎవరు? నువ్వు చేసి చూపిస్తే పిల్లలు చూసి నేర్చుకుంటారు. సాయంత్రం నువ్వే వాళ్ళను తరిమి పరీక్ష పెట్టు."

తరమడం అన్న మాటకే గవరయ్యకు నోరూరింది. సరేనన్నాడు.

పిల్లలు నీడన కూర్చున్నారు. గవరయ్య గుట్ట చుట్టి వచ్చాడు.

"మామా, మలుపు సరిగా కనపడలేదు" అన్నాడు దూదయ్య.

గవరయ్య మళ్ళీ చుట్టి వచ్చాడు.

"ఈసారి నీ తోక అడ్డమొచ్చింది మామా."

"ఇందాక అటు తిరిగావు, ఇప్పుడు ఇటు తిరిగావు. ఏది రైటు?" అంది పక్కనున్న పిల్ల.

రాదంటే మాస్టారి ముందు పరువు పోతుంది. ఎండ మాడుస్తున్నా గవరయ్య తిరుగుతూనే ఉన్నాడు. పిల్లలు కడుపునిండా మేసి, హాయిగా కునుకు తీశారు. పొద్దు వాలేసరికి గవరయ్య నాలుక నేలకు వేలాడుతోంది.

"ఇక పరీక్ష" అని రొప్పుతూ దూదయ్య మీదికి దూకాడు. దూదయ్య మాస్టారి వీపు పక్కనుంచి ఒక్క మలుపు తిరిగి బొరియలో పడ్డాడు. గవరయ్య మనసు తిరిగింది గాని కాళ్ళు తిరగలేదు. నేరుగా వెళ్ళి మాస్టారి ముళ్ళ మీద పడ్డాడు.

"అన్నయ్యా, రేపు రెట్టింపు చేయిద్దామా?" అని మెల్లగా అడిగింది చెంగలమ్మ. గవరయ్య ముక్కుకు గుచ్చుకున్న ముళ్ళతో కుంటుకుంటూ పొదల్లోకి పోయాడు.

మాస్టారు సిగ్గుపడి గొంతు సవరించుకున్నాడు. "రేపటి నుంచి పొద్దున ఒక్క పరుగు చాలు. మిగతా పొద్దంతా మేత, ఆట, నిద్ర."

"ఆ ఒక్కటీ మానేద్దామా మాస్టారూ?" అన్నాడు దూదయ్య బొరియలోంచి తల బయటపెట్టి.

"మానేస్తే ఇందాకటి మలుపు ఎక్కడిదిరా నీకు?"

సాధన కూరలో ఉప్పులాంటిది: వేయకపోతే చప్పన, ఎక్కువైతే నోట పెట్టలేం.