మంట చిన్నదైనప్పుడు

కోటిలింగానికి ఆదివారం అంటే భయం పట్టుకుంది. ఆదివారం గడిస్తే సోమవారం వస్తుంది. సోమవారం పొద్దున షేర్ల మార్కెట్టు తెరుస్తారు.

చీరాలలో అతనికి చిన్న ప్రింటింగు ప్రెస్సు ఉంది. కొత్త మిషను కొనడానికి ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మంతా షేర్లలో పెట్టాడు. సగం పోయింది. మిగిలిన సగమూ పోతే ప్రెస్సుకు తాళం పడుతుంది. దాన్ని నమ్ముకున్న పనివాళ్ల ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది. ఈ సంగతి భార్యకింకా చెప్పలేదు.

గురువును అడిగితే దారి దొరుకుతుందని కొండ కింద ఆశ్రమానికి వెళ్లాడు. పరదేశిస్వామి పెరట్లో ఉన్నాడు. వాడకుండా వదిలేసిన పాత బావి మీది ముళ్లకంప తీసి పక్కన వేస్తున్నాడు.

"స్వామీ, ఒక్క మాట చెప్పి కాపాడండి. ఏ బ్రోకరును నమ్మాలి?"

"ఆ ఫోను జేబులో పెట్టి మాట్లాడు. దానికి పెట్టినన్ని దణ్ణాలు దేవుడికి పెట్టలేదు నువ్వు. ఇప్పుడున్న బ్రోకరు ఏం చేశాడు?"

"ముంచేశాడు. అమ్మమని ఫోనులో నొక్కాను. తెర బిగుసుకుపోయింది. తెరుచుకునేసరికి ధర పాతాళంలో ఉంది. నాకు నొక్కిన మరుక్షణం అమ్మిపెట్టేవాడు కావాలి స్వామీ. నాలుగు కంపెనీలు చూశాను. అందరూ మేమే వేగమంటారు."

"నొక్కకముందు ధర ఎలా ఉంది?"

కోటిలింగం తల వంచుకున్నాడు. "పొద్దున్నుంచీ పడుతూనే ఉంది. ఇంతకు దిగితే దానంతటదే అమ్ముడుపోయేట్టు ముందే ఆర్డరు పెట్టుకున్నాను. స్టాప్‌లాస్ అంటారు దాన్ని."

"మరి అమ్ముడుపోలేదా?"

"ధర దాని దగ్గరికి రాగానే ఆ ఆర్డరును నేనే తీసేశాను. మళ్ళీ లేస్తుందేమోనని..." అని, వెంటనే గొంతు పెంచాడు. "కానీ ఆఖర్న నేను నొక్కినప్పుడు వాడు పలకలేదు కదా!"

భయపడ్డవాడికి ఎదుటివాడి తప్పు కొండంత కనిపిస్తుంది. తన తప్పు కాలికింద ఉన్నా కనిపించదు.

స్వామి కోప్పడలేదు. "ఉన్న మాటే. వేళకు పలకనివాణ్ణి పెట్టుకోకూడదు. ముందు ఈ పని చూద్దాం. బావిలో పూడిక తీయాలి. నేను దిగుతాను. తాడు నువ్వు ఎంచు."

కోటిలింగం బావి వైపు చూశాడు. పోయిన వేసవిలో పక్క ఊళ్లో ఇలాంటి పాడుబావిలోకే అన్నదమ్ములిద్దరు దిగారు. కుళ్లిన ఆకుల విషపుగాలికి ఇద్దరూ తిరిగి రాలేదు.

పాకలో మూడు తాళ్లు వేలాడుతున్నాయి. నైలాను తాడు అరచేతిలో జారిపోయింది. కొబ్బరి తాడొకటి లోపల చీకిపోయి ఉంది. మూడోదానికి బండరాయి కట్టి బావి గిలక మీదుగా దించాడు, లాగాడు, మళ్ళీ దించాడు. ఎక్కడా ఇరుక్కోలేదు, తెగలేదు. దాన్నే ఎంచాడు.

"బాగా చూశావు. బ్రోకరునూ ఇలాగే చిన్న మొత్తంతో చూసుకో. మనిషి లోపల లేనప్పుడు, రాయి కట్టి," అన్నాడు స్వామి.

తర్వాత ఇత్తడి పళ్లెంలో ప్రమిద వెలిగించి, పళ్లేన్ని ఆ తాడుకే కట్టాడు.

"పాత బావిలో మనిషికంటే ముందు దీపం దిగాలి. మంట చిన్నదైతే కింద గాలి చెడ్డదని గుర్తు. చిన్నదైన వెంటనే లాగెయ్. ఆరనివ్వకు. ఆ పళ్లెంలో ఉన్నది నేనే అనుకో."

కోటిలింగం తాడు వదులుతూ వదులుతూ దీపాన్ని దించాడు. నాచు పట్టిన రాళ్లమీద వెలుగు పాకింది. కుళ్లు వాసన పైకొచ్చింది. దీపం ఇంకా దిగింది.

మంట చిన్నదైంది.

అతని వేళ్లు తాడుమీద బిగిశాయి. ఏదో గాలితెర తగిలి ఉంటుందిలే అనుకున్నాడు. మంట కాస్త లేచింది. 'లేచింది! తొందరపడి లాగి ఉంటే?' అనుకున్నాడు. అంతలోనే అది గోరంత అయింది. వడ్లగింజంత అయింది. ఇంకొక్క క్షణం చూద్దామనుకున్నాడు.

బావి నల్లబడింది.

వెనక అలికిడైంది. స్వామి పంచె ఎగ్గట్టుకుని బావి ఒరమీద కాలు పెట్టాడు.

"దిగనా?"

కోటిలింగం తాడును మోకాలి కింద తొక్కిపట్టి ఆయన కాళ్లు రెండూ చుట్టేసుకున్నాడు. "వద్దు స్వామీ! చచ్చిపోతారు! కింద గాలి లేదు!"

"నీకెప్పుడు తెలిసింది?"

"మంట చిన్నదైనప్పుడే."

"మరి లాగలేదేం?"

"మళ్ళీ లేస్తుందేమోన..."

మాట సగంలో తెగిపోయింది. కోటిలింగం పట్టుకున్న కాళ్లను ఎంతసేపటికీ వదలలేకపోయాడు.

స్వామి అతని చేతులు మెల్లగా విడిపించాడు. ఒరమీంచి దిగి తాడు అందుకుని లాగాడు. పళ్లెం ఒక్క ఊపున పైకి వచ్చింది. ఆరిపోయిన ప్రమిదను కోటిలింగం అరచేతిలో పెట్టాడు.

"మంచి తాడు ఎంచావు నాయనా," అన్నాడు. "లాగగానే వచ్చింది."