సుంకన్న సొమ్ము

మద్దిలేటికి ఆ పొద్దు ముద్ద దిగలేదు. కొండకింది పల్లెలో వేయించిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. నీటిజాడ చెప్పాల్సినవాడు తనే. నేలలోని నీటిని పసిగట్టే మిషను పెట్టిన చోటల్లా లేదనే అంటోంది. తనూ లేదనేస్తే పల్లెజనం మూటాముల్లె సర్దుకుని వలసపోతారు.

అతని గురువు పీరాసాహెబ్. రాళ్ల శాస్త్రంలో ఆయన్ని మించినవాడు లేడు. కానీ ఆయనకింకో పిచ్చి ఉంది. ఒకప్పుడు ఇటు కంపెనీ సీమకూ అటు నిజాం రాజ్యానికీ నడుమ ఈ కొండల్లో తిరిగిన బందిపోట్ల చరిత్ర. సెలవు దొరికితే చాలు, వాళ్ల జాడలు వెతుక్కుంటూ కొండలెక్కేవాడు. తోటి శాస్త్రవేత్తలు 'దొంగల సారు' అని నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

మద్దిలేటి సలహా అడగబోతే, "కొండెక్కుదాం రాప్పా, బందిపోటు సుంకన్న దాక్కున్న చోటు చూపిస్తా" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. నెత్తి మాడిపోతోంది. సగం కొండెక్కేసరికి శిష్యుడికి ఒళ్లు మండింది.

"ఊరు ఎండిపోతాంటే ఈ దొంగల గోలేంది సార్? ఎప్పుడో చచ్చినోడు మనకేం ఒరగబెడతాడు?"

పీరాసాహెబ్ శిష్యుడి చేతిలోని సీసా తీసుకుని, మూత తిప్పి, నీళ్లన్నీ బండమీద పారబోశాడు. తన సీసా కూడా.

"అయ్యో సార్!"

"ఇప్పుడు నువ్వే సుంకన్న. కింద సిపాయిలున్నారు, దిగితే ఉరి. ఎండాకాలమంతా వాడు దిగలేదప్పా."

అంతే. కండువా తలకింద పెట్టుకుని నీడన పడుకున్నాడు.

మద్దిలేటి దిగిపోదామనుకున్నాడు గానీ రోషం దిగనివ్వలేదు. కాసేపటికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఇన్నాళ్లూ కొండకింద కొలతలు తీసుకున్నవాడు, ఇప్పుడు కొండను దొంగ కళ్లతో చూశాడు. ఎక్కడ దాక్కోవాలి? ఏం తాగాలి?

పైన బండల సందులోకి తేనెటీగలు పోతూ వస్తూ ఉన్నాయి. ఇంత ఎండలో అవి తిరిగేది తడి ఉన్నచోటే. పాకుతూ వెళ్లాడు. అక్కడ ఎవరో కావాలని అడ్డంపెట్టిన రాతిపలక ఉంది. బలమంతా పెట్టి ఒరిగించాడు. మొహానికి చల్లగాలి కొట్టింది. వెనకాల నీళ్లు!

దోసిళ్లతో తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. నీళ్లూరుతున్న ఆ పగులు ఏటవాలుగా పల్లె వెనకవైపుకు దిగుతోంది. అటువైపు తను మిషను పెట్టనేలేదు!

"దొరికింది సార్!" అని కొండ మారుమోగేలా అరిచాడు.

"ఎవరూ, దొంగేనా?" అన్నాడు పీరాసాహెబ్, కళ్లు తెరవకుండానే.

ఆ వారంలోనే పల్లె వెనక బోరు దింపారు. ముందు దుమ్ము లేచింది, తర్వాత బురద. ఆ తర్వాత తాటిచెట్టంత ఎత్తున నీళ్లు ఎగజిమ్మాయి. డప్పులు మోగాయి. ఆడవాళ్లు తడిసి ముద్దవుతూ నవ్వారు, ఏడ్చారు. కుర్రకారు మద్దిలేటిని భుజాలమీద ఊరేగించి దించారు.

"ఏ మిషనుతో పట్టినావు నాయనా?" అని ఒక అవ్వ అతని గడ్డం పట్టుకుని అడిగింది.

అంతలో పీరాసాహెబ్ నిలువునా తడిసిపోయి వచ్చాడు. బోరుదగ్గర నింపిన సీసా శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఆ పొద్దు పారబోసిందిలే. తీసుకో."

మద్దిలేటి తాగబోయి ఆగాడు. కొండవైపు తిరిగి, మొదటి గుక్క నేలమీద వదిలాడు.

"మిషనేం కాదవ్వా," అన్నాడు. "ఇది సుంకన్న సొమ్ము."